అమ్మ దీపంలో పారఫిన్

దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో, గ్రీన్‌వుడ్ పార్కు పేట వాలులో, రోడ్డుకు కాస్త దిగువన, ఆకుపచ్చ గేటున్న ఇంట్లో నివసించే శ్రీ రెజీ నాయుడుగారు వృత్తిరీత్యా విద్యుత్ విభాగంలో మీటర్లు తనిఖీ చేసే ఉద్యోగి. ఇంటికి వచ్చాక మాత్రం ఆయనకు పాత లాంతర్లు, నూనెదీపాలు తప్ప మరొక ధ్యాస లేదు. ఈ రెండింటికీ పొత్తు కుదరదని సహోద్యోగి యూజీన్ తరచు ఆక్షేపించేవాడు.

“మనకి అన్నం పెట్టేది కరెంటు, రెజీ. నువ్వేమో ఇంటికెళ్లి లాంతరుతో కాపురం చేస్తావు.”

“బల్బుతో కాపురం ఏముంది, మాన్? కాలిపోతే చెత్తలో పడెయ్యడమే. లాంతరుకైతే చెయ్యాల్సిన పని ఉంటుంది,” అనేవారు రెజీగారు.

ఈ సంభాషణలు సహజంగా ఇంగ్లీషులో జరిగినవి. ఇక్కడి పాత తెలుగు కుటుంబాల్లో తెలుగు ఇప్పుడు వంటింటికీ, వరసలకూ, ముఖ్యంగా తిట్లకూ మిగిలింది. పాఠకుల సౌకర్యార్థం అన్నిటినీ తెలుగులోనే ఇస్తున్నాను. తిట్లకు మాత్రం ఆ అవసరం కలగలేదు.

రెజీగారి వెనక వరండా చూడదగినది. గాలివానకు ఆరని లాంతర్లు పైనుంచి వేలాడుతుంటాయి. రైలు గార్డులు ఊపిన ఎరుపు, ఆకుపచ్చ అద్దాల దీపాలు కిటికీ గట్టు మీద ఉంటాయి. బల్ల మీద ఎప్పుడూ ఏదో ఒక దీపం అవయవాలు విప్పుకొని, ఆస్పత్రిలో రోగిలా పడుకొని ఉంటుంది. తుప్పును సోడాలో నానబెట్టడం, వంగిన మూతను చెక్కసుత్తితో నెమ్మదిగా సరిచేయడం, చిమ్నీకి పట్టిన మసిని తడిపిన వార్తాపత్రికతో తుడవడం ఆయన సాయంకాలాలు. రంగు వేసిన రేకుభాగాలను ఆరబెట్టడానికి ఒకసారి వంటింటి ఓవెన్ వాడినందున, ఆ ఏడాది క్రిస్మస్ కేకు లాంతరు రుచితో తయారైంది. భార్య పమేలాగారు దానిని పారవేయకుండా భర్త చేతనే పూర్తిగా తినిపించారు.

నల్లవారికి తొలిసారి ఓటు వచ్చిన 1994 ఎన్నికల తరువాత రెజీగారి వరండాకు మంచిరోజులు వచ్చాయి. ఊరి బయట నల్లవారు ఉండే ఇనాండా కొండల మీదికి కొత్తగా కరెంటు తీగలు పాకాయి. ఆ ఇళ్లలో బిగించిన మీటర్లను తనిఖీ చేసే పని ఆయనకు పడింది. ఎక్కడ బల్బు వెలిగితే అక్కడ లాంతరు మూలన పడేది. ఒక జూలూ ముసలమ్మ (అక్కడ అందరూ ఆమెను గోగో అనే పిలిచేవారు, అంటే అమ్మమ్మ) తన నల్లటి లాంతరును ఆయన చేతిలో పెట్టి, “ఉగేసి వచ్చేసింది, ఇక ఈ ఇసిబానీ నాకెందుకు? తీసుకుపో,” అంది. ఉగేసి అంటే కరెంటు, ఇసిబానీ అంటే దీపం.

తరువాతి నెలలో ఆమె ఆయన బండికి అడ్డంగా నిలబడింది. “నీ ఉగేసి గాలివానకి పారిపోయింది. నా దీపం ఎక్కడ?”

ఉగేసి చేసిన తప్పుకు తాను బాధ్యుడైనట్లే భావించి, రెజీగారు ఆ లాంతరును కొత్త వత్తితో, తళతళలాడే రేకుతో వాపసు తీసుకువెళ్లారు. గోగో దానిని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇది నాది కాదు. నాది నల్లది.”

“నీదే గోగో. నల్లదనం తీసేశాను.”

“ఎవరు తీయమన్నారు?”

అడుగున ఉన్న సొట్టను చూపించి, అది ఆమె లాంతరేనని ఒప్పించేసరికి ఆయన మరో వీధి పని వాయిదా వేయవలసి వచ్చింది. ఆనాటినుంచి రెజీగారు ఏ దీపం చేపట్టినా, ముందుగా దానిని ఎంతవరకు శుభ్రం చేయాలో యజమానిని అడగడం నియమంగా పెట్టుకున్నారు. కానీ అడగవలసిన ప్రశ్న మరొకటి ఉందని ఆయనకు తరువాతగాని తెలియలేదు. ఈ వృత్తాంతం దానికి సంబంధించినది.

రెజీగారి అసలు పేరు రాజగోపాల్. ఆయనకు ఒక్కతే అక్క, డర్బన్‌కు ఉత్తరాన వెరులం ఊళ్లో ఉండే గోవిందమ్మగారు. తల్లి కాలం చేశాక, ఆమె రోజూ వెలిగించిన కామాక్షి దీపం, అంటే వెనక రెక్క మీద లక్ష్మీదేవి, ఏనుగులు ఉన్న ఇత్తడి దీపం, కొడుకు ఇంట్లోనే ఉండిపోయింది. కొన్నేళ్లకు రెజీ, పమేలా దంపతులు పెంతెకోస్తు సంఘంలో బాప్తిస్మం పొందారు. అప్పుడు సదరు దీపాన్ని ఇంట ఉంచుకోవడం వారికి కుదరలేదు. పారవేయడానికి రెజీగారికి మనసు రాలేదు. ఆయన దానిని వార్తాపత్రికల్లో బహు జాగ్రత్తగా చుట్టి, సబ్బుల అట్టపెట్టెలో పెట్టి, వెరులం వైపు వెళ్లే రొట్టెల వ్యాను డ్రైవరుకు అప్పగించారు. దీపానికి చిన్న గీత కూడా పడలేదు. అయినా గోవిందమ్మగారు క్షమించలేదు.

“అమ్మని రొట్టెల వ్యానులో పంపిస్తివంట్రా!” అని ఫోనులో అరిచి, ఆపైన తమ్ముడి గడప తొక్కలేదు, తన గడప తొక్కమనలేదు. చావుల దగ్గర ఎదురుపడితే తల ఊపేవారు, అంతే.

ఇలా ఉండగా గోవిందమ్మగారి కుమారుడు నార్మన్‌కు ఎస్ట్‌కోర్ట్‌లో వ్యాపారం చేసే వారి అమ్మాయి కెస్సీతో పెళ్లి కుదిరింది. గోవిందమ్మగారి కుటుంబంలో వరుణ్ణి చెయ్యి పట్టుకొని మండపానికి నడిపించేది మేనమామ. నార్మన్‌కు ఉన్న ఒక్క మేనమామ రెజీగారు. ఆ స్థానానికి గోవిందమ్మగారు పక్కింటి డొరసామిగారిని నియమించినట్లు తెలిసింది.

ఆ వార్త విన్న సాయంత్రం రెజీగారు ఒక లాంతరు బర్నరును తలకిందులుగా బిగించి, విప్పి, మళ్లీ తలకిందులుగానే బిగించారు. పమేలాగారు గుమ్మంలో నిలబడి చూశారు.

“ఫోన్ చేసి అడగరాదూ?”

“అడిగి తీసుకునే చోటు కాదు పమ్. వాడు పుట్టిన రోజు ఆస్పత్రిలో వాణ్ణి మొదట ఎత్తుకున్నది నేను. డొరసామి అప్పటికి వెరులం రానే లేదు.”

“ఈ మాట మీ అక్కతో చెప్పు. బర్నరుతో కాదు.”

ఆయన చెప్పలేదు. కానీ ఆ వారంలోనే నార్మన్ ఒక అట్టపెట్టెతో గ్రీన్‌వుడ్ పార్కు వచ్చాడు. పెట్టెలో అమ్మ దీపం ఉంది. కొత్త కోడలు ఇంట్లో అడుగుపెట్టగానే మొదట వెలిగించవలసినది ఆ దీపమే. అదేమో ప్రమిదకూ కాండానికీ మధ్య పగిలి, నూనె కారుతోంది. డర్బన్‌లోని పాత్రల దుకాణం వాళ్లు కొత్తది కొనుక్కోమన్నారట.

“ఇక్కడికి తెచ్చావని మీ అమ్మకి తెలుసా?” అన్నారు రెజీగారు.

“నీ పేరు ఎత్తలేదు మామా. ‘ఆ కరెంటోడికి చూపించు’ అంది.”

రెజీగారు దీపాన్ని రెండు చేతులతో అందుకొన్నారు. “మసి తియ్యమందా, ఉంచమందా?”

“దేవత మొహం ముట్టుకోవద్దంది. కారకుండా చేస్తే చాలంది. యో, మామా, ఇది బాగవ్వకపోతే నేను పెళ్లి వాయిదా వేసుకోవాలి. అమ్మ సంగతి నీకు తెలుసుగా.”

ఎన్ని లాంతర్లకు చేసినా ఇంత శ్రద్ధగా ఆయన ఎన్నడూ పని చేయలేదు. పగులులో పూర్వం ఎవరో కూరిన లక్కను సూదితో గీకి తీశారు. దేవత ఉన్న రెక్కకు సెగ తగలకుండా తడిగుడ్డ చుట్టారు. కింది వైపునుంచి తగరపు టంకం పెట్టారు. మధ్యలో సంఘకాపరి పాస్టర్ కోలిన్ ఏదో పనిమీద వచ్చి, బల్ల మీద దేవతను చూసి ఆగిపోయారు.

“ఇదేమిటి, బ్రదర్ రెజీ?”

“కారే దీపం, పాస్టర్. మా అక్కది.”

కోలిన్‌గారు వంగి పగులు చూశారు. “కారకుండా చెయ్యి. తరువాత సంగతి మీ అక్క చూసుకుంటుంది,” అని, టీ తాగి వెళ్లారు.

అతుకు నిలిచిందో లేదో తేల్చడానికి రెజీగారికి ఒక పద్ధతి ఉంది. నువ్వులనూనె చిక్కన, సన్నని పగులు ఉన్నా కొన్నాళ్లదాకా బయటపడదు. ఇక్కడ పారఫిన్ అని పిలిచే కిరసనాయిలు పలచన. వెంట్రుకంత సందు దొరికినా పాకుతుంది. ఆయన ఏ దీపానికి అతుకు వేసినా పారఫిన్ నింపి, తెల్లకాగితం మీద నిలబెట్టి, తెల్లారాక కాగితం చూస్తారు. ఈ దీపాన్నీ అలాగే నిలబెట్టారు. ఉదయానికి కాగితం పొడిగా ఉంది. పారఫిన్ వంపేసి, గుడ్డతో తుడిచి, ఈలవేస్తూ నార్మన్‌కు కబురు చేశారు. దీపం బాగుపడింది, ఇక అక్క మనసు ఎంతసేపు అనుకున్నారు.

దీపం వెరులం చేరిన సాయంత్రమే ఫోను మోగింది.

“ఒరే రాజా! అమ్మ దీపంలో ఏం పోస్తివి?”

అక్క తనంతట తాను ఫోన్ చేసిందన్న సంతోషంలో ఆయనకు ప్రశ్నలోని వేడి తెలియలేదు. “పారఫిన్ అక్కా. కారుతుందేమోనని. ఒక్క చుక్క కూడా కారలేదు, తెలుసా?”

“పారఫినా! అది దేవుడి దీపమా, ప్రైమస్ పొయ్యా? అమ్మ దాన్లో నువ్వులనూనె తప్ప ఎరగదు. పండగపూట నెయ్యి. నీ తలలో పోసుకోరాదంట్రా ఆ పారఫిను? పెళ్లికూతురు వచ్చి లారీ గ్యారేజీ వాసన చూసుకోవాలా?”

“అక్కా, సబ్బుతో కడిగితే—”

“సబ్బూ వద్దు, నువ్వూ వద్దు. ఇండియా ఆయన్ని అడిగితిని. నిప్పులో పెడితే మైల పోతుందన్నాడు. వంటపొయ్యి రాజేస్తా ఉన్నారు. దాన్లో పెడతా.”

ఫోను పెట్టేశారు. ఇండియా ఆయన అంటే గిరిధరరావుగారు. ఆంధ్రప్రదేశ్ నుంచి కొత్తగా వచ్చి, నీటిపంపుల సంస్థలో ఇంజనీరుగా పనిచేస్తూ, గోవిందమ్మగారి వీధిలో అద్దెకుంటున్నవారు. స్వదేశం నుంచి వచ్చినవారికి శాస్త్రమంతా తెలిసి ఉంటుందని ఆ వీధి విశ్వాసం.

రెజీగారు ఫోను చేతిలోనే పట్టుకొని నిలబడ్డారు. “పమ్, టంకం నిప్పు తాకితే కరిగిపోతుంది. దీపం రెండు ముక్కలవుతుంది. నా పని కూడా అంతటితో సరి.”

పమేలాగారు అప్పటికే కారు తాళాలు వెతుకుతున్నారు. “చెప్పులు వేసుకో ముందు.”

వెరులం దారిలో చెరుకు లారీల వెనక పడి రెజీగారు స్టీరింగు మీద గుద్దుతుంటే, పమేలాగారు కిటికీ అద్దం దించి ఒక లారీ డ్రైవరుతో స్వయంగా మాట్లాడి దారి సంపాదించారు.

గోవిందమ్మగారి పెరట్లో పెళ్లి వంటలకు పెద్ద పొయ్యి మండుతోంది. డొరసామిగారు పొడవాటి పట్టకారుతో దీపాన్ని పట్టుకొని, చేపలు పట్టేవాడిలా దూరంగా నిలబడి ఉన్నారు. ఒక పక్కన గిరిధరరావుగారు, ఆయన భార్య వసుమతిగారు కుర్చీల్లో కూర్చొని ఉన్నారు.

“వద్దు డొరసామీ! కరుగుతుంది! దించు!” అంటూ రెజీగారు పక్కగేటు తోసుకొని పరుగున వచ్చారు. అక్క తనను రానివ్వదన్న సంగతి ఆయనకు గుర్తులేదు. కోపంలో గోవిందమ్మగారికీ గుర్తులేదు.

“ఏంది కరిగేది?”

“అతుకు. నిప్పులో పెడితే ప్రమిద ఊడిపోతుంది అక్కా. నన్ను తిట్టు, కొట్టు. దాన్ని మాత్రం పొయ్యిలో పెట్టకు.”

డొరసామిగారు పట్టకారు వెనక్కి తీసుకొన్నారు. గోవిందమ్మగారు గిరిధరరావుగారి వైపు తిరిగారు. “నువ్వు చెప్తివి కదయ్యా నిప్పులో పెట్టమని?”

“ఎక్కడో విన్నానన్నానండి,” అన్నారు గిరిధరరావుగారు ఇబ్బందిగా. “నిజానికి నాకు తెలిసింది పంపుల సంగతి.”

“అడిగినప్పుడే ఆ మాట చెప్పొచ్చుగా,” అని వసుమతిగారు భర్తను మందలించి లేచారు. “పిన్నిగారూ, శాస్త్రం నాకూ తెలీదు. మా అత్తగారింట్లో దీపం కుందికి ఏ మైల తగిలినా చింతపండుతో తోమి, పసుపునీళ్లతో కడిగి మళ్లీ వెలిగించేవాళ్లం. శనగపిండి కూడా వేస్తే వాసన పీల్చేస్తుంది.”

గోవిందమ్మగారు ఈ ప్రతిపాదనను పరిశీలించి, ఒక షరతుతో ఆమోదించారు. “పోసినోడే తోమాలి.”

ఆ విధంగా రెజీ నాయుడుగారు, పెంతెకోస్తు సంఘ సభ్యులు, వెరులంలో అక్కగారి పెరట్లో పాలడబ్బాల పెట్టె బోర్లించుకొని కూర్చొని, చింతపండుతో అమ్మ దీపం తోమడం ప్రారంభించారు. గోవిందమ్మగారు పక్కనే నిలబడి అజమాయిషీ చేశారు.

“అట్ట గాదు. లోపల వేలు పెట్టి తోము. లాంతర్లు తోముతావంట, ఇదేనా తోముడు?”

“లాంతర్లు నన్ను తిట్టవు అక్కా.”

“వాటికి నోరుంటే తెలిసేది.”

ఒక్కొక్క కడుగు తరువాత ఆమె దీపాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని, “ఇంకా ఉంది,” అనేవారు. డొరసామిగారు కూడా వాసన చూసి, తనకు పప్పుచారు వాసన తప్ప మరేమీ తెలియడం లేదని తెలియజేశారు. పమేలాగారిని ఎవరూ కూర్చోమనలేదు. ఆవిడ తానే ఒక కత్తిపీట లాక్కొని, పక్కనున్న బీన్స్ కోయడం మొదలుపెట్టారు. గోవిందమ్మగారు కాసేపు చూసి, “సన్నగా కొయ్యి,” అన్నారు. అన్నేళ్ల తరువాత ఆడపడుచు తనతో మాట్లాడిన మొదటి మాట అదేనని పమేలాగారు ఇప్పటికీ చెప్పుకొంటారు.

చివరకు వాసన పోయిందని తీర్పు వచ్చింది. కానీ గోవిందమ్మగారికి మరొక సందేహం కలిగింది. “ఇంత తోమినాక అతుకు కదిలుంటే? పెళ్లికూతురు చేతిలో కారితే?”

రెజీగారు పారఫిన్ అనే మాట నోటిదాకా వచ్చి ఆపుకొన్నారు. పెరటి మెట్టు మీద ముగ్గుపిండి డబ్బా కనిపించింది. ఆయన కొంచెం పిండిని నీళ్లలో కలిపి, ప్రమిద అడుగున, అతుకు చుట్టూ పలచగా పూసి, ఆరనిచ్చారు. తరువాత గోవిందమ్మగారిని గోరువెచ్చని నువ్వులనూనె నింపమన్నారు. వెచ్చబడిన నూనె పలచనవుతుంది. ఎక్కడ చెమ్మ దిగినా తెల్లటి పిండి మీద మచ్చ పడుతుంది.

అందరూ దీపం అడుగు వైపు చూస్తూ కూర్చున్నారు. గోవిందమ్మగారు తమ్ముడి వైపు చూడకుండా అన్నారు.

“రొట్టెల వ్యానులో ఎందుకు పంపిస్తివి?”

“నీ చేతికివ్వడానికి భయపడి. నువ్వు ఏడుస్తావని.”

“ఏడవలేదనుకుంటివా?”

రెజీగారు చింతపండుతో ఎర్రబడిన వేళ్లను పంట్లాముకు తుడుచుకొన్నారు. “నేనే పట్టుకొని రావలసింది అక్కా,” అన్నారు చివరకు.

“అవును. వస్తే తిట్టేదాన్ని. తిట్టి అన్నం పెట్టేదాన్ని.”

పిండి తెల్లగానే ఉంది. గోవిందమ్మగారు వేలితో అడుగు తడిమి, పొడి వేలిని చూసుకొని, దీపాన్ని చీరకొంగుతో పట్టుకొని లేచారు.

“ఆదివారం పొద్దున్నే రా. నార్మన్ చెయ్యి పట్టుకోవాల. ఆ టై కట్టుకోవద్దు, ఊపిరాడనోడిలా ఉంటావు.”

“మరి నేను?” అన్నారు డొరసామిగారు.

“నీకు నడుం నొప్పన్నావు గదా.”

“పోయింది. సూటు కుట్టించుకున్నాను, అక్కా! బూడిదరంగు సూటు!”

ఆదివారం ఆరాధనకు రాలేనని రెజీగారు పాస్టర్ కోలిన్‌కు ముందుగానే విన్నవించుకొన్నారు. మేనల్లుడి పెళ్లి ప్రతి ఆదివారం రాదుగా అని ఆయన అనుమతించారు. కల్యాణ మంటపంలో నార్మన్ నడిచి వస్తుంటే కుడిచెయ్యి రెజీగారు, ఎడమచెయ్యి బూడిదరంగు సూటులో డొరసామిగారు పట్టుకొని ఉన్నారు. పురోహితుడు మంత్రం ఆపి, వీరిద్దరిలో మేనమామ ఎవరని విచారించాడు.

“ఒకడు తోడబుట్టినోడు, ఇంకొకడు సూటు కుట్టించుకున్నోడు,” అన్నారు గోవిందమ్మగారు. “ఇద్దరినీ రానియ్యి. పిల్లోడు పారిపోకుండా ఉంటాడు.”

సాయంత్రం కొత్త దంపతులు ఇల్లు చేరారు. ముందుగదిలో పీట మీద దీపం సిద్ధంగా ఉంది. దీపం వెలిగించే చోటికి రెజీగారు రాలేదు. అది తన పద్ధతి కాదు గనుక బయటి వరండాలోనే నిలబడ్డారు. ఆయనను లోపలికి రమ్మని ఎవరూ బలవంతపెట్టలేదు. కెస్సీ అగ్గిపుల్ల గీసింది. తెరిచి ఉన్న తలుపులోంచి సముద్రపు గాలి వచ్చి ఆర్పేసింది. ఇంకొకటి గీసింది. అదీ ఆరింది. ఆ అమ్మాయి అగ్గిపెట్టెలో మిగిలిన పుల్లలు చూసుకొంది. మొదటి రోజే దీపం వెలగలేదన్న మాట పడుతుందేమోనని ఎస్ట్‌కోర్ట్ వారు ముఖముఖాలు చూసుకొన్నారు. కోడలు అడుగుపెట్టిన తలుపు వెంటనే మూయకూడదని ఆ ఇంటి పట్టింపు.

గోవిందమ్మగారు వెనక్కి తిరిగారు.

“ఒరే రాజా, బయట నిలబడి ఏం జూస్తావు? వచ్చి గుమ్మంలో నిలబడు. గాలికి అడ్డం నిలబడు.”

రెజీగారు రెండడుగులు వేసి, గడప మీద, వీపు గాలికీ ముఖం లోపలికీ పెట్టి, కోటు రెండు పక్కలా విప్పి పట్టుకొని నిలబడ్డారు. కెస్సీ మరో పుల్ల గీసింది. వత్తి అంటుకొని, ఒకసారి ఊగి, నిలబడింది.

“వెలిగింది అక్కా, ఇక వెళ్లనా?” అన్నారు ఆయన మెల్లగా.

“నిలకడగా మండనియ్యి,” అన్నారు గోవిందమ్మగారు. “కదిలితే చంపుతా.”